పిస్టన్ మార్చే ముందు

ఆదివారం పొద్దున్నే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. "బాబాయ్ గారూ, బండి పిస్టన్ పట్టేసింది. ఏ కిట్టు కొనమంటారు?" ఎక్కువమంది మన తెలుగు పిల్లలే. ఇక్కడ అరిజోనాలో ఉద్యోగాలు చేసుకుంటున్నారు, చుట్టూ ఎడారి, నాలుగు గంటలు కారు నడిపితే ఇసుక తిన్నెలు. పాత యమహా బాన్షీ ఒకటి కొనుక్కొచ్చి గ్యారేజీలో పెట్టుకుంటారు. నేను కిట్టు పేరు చెప్పను. "ఎందుకు పట్టేసిందో చూశావా నాయనా?" అంటాను. అవతల మాట ఆగిపోతుంది. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కోవడం ఎలాగో చెబుదామని ఇది రాస్తున్నాను.

బాన్షీ తెలియనివాళ్లకు రెండు ముక్కలు. నాలుగు లావుపాటి మెత్తటి టైర్లు, మోటార్ సైకిల్ సీటు, హ్యాండిలు. మధ్యలో నీళ్లతో చల్లబడే 347 సీసీ టూస్ట్రోక్ ఇంజను, రెండు సిలిండర్లు, ఆరు గేర్లు. సెల్ఫ్ లేదు, కిక్కు కొట్టుకోవాలి. అమెరికాలో 1987 నుంచి 2006 దాకా అమ్మారు. మొదటిసారి దాని మాన్యువల్ తెరిచినప్పుడు బోరు 64, స్ట్రోకు 54 మిల్లీమీటర్లు అని చూసి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాను. అవి మన రాజ్‌దూత్ 350 అంకెలే. ఎస్కార్ట్స్ వాళ్లు 1983లో తెచ్చిన ఆ బండిని విజయవాడలో ఎన్నిసార్లు విప్పి బిగించానో లెక్క లేదు. అది గాలికి చల్లబడేది, ఇది నీళ్లకు. ఒకదాని సామాను ఇంకొకదానికి పట్టదు. వంశం మాత్రం ఒకటే.

నా ఉద్యోగం బస్సు డిపోలో, ముప్పై రెండేళ్లు డీజిలు ఇంజన్ల మీద. టూస్ట్రోక్ పని ఆటోనగర్లో ఒక మేస్త్రి దగ్గర ఆదివారాలు కూర్చుని నేర్చుకున్నాను. పదేళ్లుగా మా అబ్బాయి ఇంట్లో ఉంటూ ఈ బాన్షీ చూసుకుంటున్నాను. అక్కడా ఇక్కడా తెలిసినవి కలిపి చెబుతాను.

1. ముందు నూనె, ఆ తర్వాత పెట్రోలు.

ఫోర్‌స్ట్రోక్ బండికి కింద నూనె తొట్టి ఉంటుంది. టూస్ట్రోక్‌లో ఆ చోటు గుండానే పెట్రోలూ గాలీ కలిసి పైకి వెళ్లాలి కనుక అక్కడ నూనె నిలవదు. క్రాంక్ బేరింగులకైనా, పిస్టన్‌కైనా పెట్రోలుతో పాటు వచ్చే నూనే దిక్కు. ఆరెక్స్ హండ్రెడ్‌కూ రాజ్‌దూత్ 350కీ విడిగా నూనె డబ్బా, పంపు ఉండేవి. చేతక్ స్కూటర్‌కు బంకులో టూటీ ఆయిల్ కొట్టించుకునేవాళ్లం. బాన్షీకి పంపు లేదు. కలిపి పోయాల్సింది మనమే.

నేను 32కి 1 పాళ్లలో కలుపుతాను. ఇక్కడి గ్యాలనుకు సరిగ్గా 4 ఔన్సులు, మన లెక్కలో లీటరుకు 31 మిల్లీలీటర్లు. ఖాళీ క్యానులో ముందు నూనె పోసి, సగం పెట్రోలు పోసి బాగా కుదిపి, అప్పుడు మిగతాది పోస్తాను. ట్యాంకులో నేరుగా కలపను. ట్యాంకులో నూనె అడుక్కు దిగితే మొదటి చుక్కలు ఎలా వస్తాయో మనకు తెలియదు.

కలపడం కంటే ముఖ్యం క్యాను మీద రాయడం. ఇక్కడ పెట్రోలు క్యాన్లన్నీ ఎర్రవే. గడ్డి కోసే మిషనుకు వాడే వట్టి పెట్రోలు కూడా అలాంటి ఎర్ర క్యానులోనే, అదే అరలో ఉంటుంది. మా వీధి చివర ఒక కుర్రాడు చీకట్లో ఆ క్యాను తీసి బాన్షీలో పోశాడు. పావుగంట బాగానే తిరిగిందట. నేను విప్పి చూస్తే కనెక్టింగ్ రాడ్డు అడుగు బేరింగు దగ్గర ఉక్కు నీలంగా మారిపోయి ఉంది. అప్పటినుంచి మా క్యానుకు తెల్ల టేపు చుట్టి, కలిపిన తేదీ, పాళ్లు లావుగా రాస్తున్నాను. తేదీ చూసి నెల దాటితే అది ఈ ఇంజనుకు పోయను.

ఇంకో మాట. "భయం ఎందుకు, కాస్త నూనె ఎక్కువ పోద్దాం" అనుకోకండి. కార్బురేటర్లో పెట్రోలు వచ్చే జెట్టు రంధ్రం మారదు కదా. నూనె పెరిగితే ఆ రంధ్రంలోంచి వెళ్లే పెట్రోలు తగ్గుతుంది, ఇంజను లీన్ వైపు, అంటే పెట్రోలు చాలని వైపు, జరుగుతుంది. పాళ్లు మారిస్తే జెట్టు కూడా మళ్లీ చూసుకోవాలి. ఒక పాళ్లు పట్టుకుంటే దానిమీదే ఉండండి.

2. ఎయిర్ ఫిల్టర్ ప్రతి ట్రిప్పుకూ ఉతకాలి.

ఇసుకలో తిరిగే బండికి ఇంతకంటే మంచి వైద్యం లేదు. స్పాంజి ఫిల్టర్‌ను పెట్రోలుతో కడిగితే అతుకుల దగ్గర జిగురు వదిలేస్తుంది. కిరోసిన్ లాంటి ద్రావకంలో పిసికి, సబ్బు నీళ్లలో జాడించి, నీడన ఆరబెట్టి, ఫిల్టర్ నూనె పట్టించి పిండాలి. పిండేటప్పుడు మెలి పెట్టకూడదు, అరచేతుల మధ్య నొక్కాలి. నూనె రంగు అంతటా ఒకేలా ఉందో లేదో చూడండి. పాలిపోయిన చోటు ఉందంటే దుమ్ముకు అదే దారి. చివర్లో అంచు చుట్టూ గ్రీజు రాయాలి. ఈ గ్రీజు చాలామంది రాయరు. అప్పుడు ఫిల్టర్ తళతళలాడుతూనే ఉంటుంది, దుమ్ము అంచు పక్కనుంచి లోపలికి పోతుంది. ఫిల్టర్ తీసినప్పుడు కార్బురేటర్ వైపు గొట్టంలో వేలు పెట్టి తుడవండి. వేలికి సన్న గరుకు తగిలితే ఆ ఇంజను అప్పటికే ఇసుక తింటోంది.

3. కిక్కు కొట్టగానే పరుగు తీయించవద్దు.

పిస్టన్ అల్యూమినియం, త్వరగా వేడెక్కి ఉబ్బుతుంది. చుట్టూ ఉన్న సిలిండరులో చల్లటి నీళ్లు. లోపలిది ఉబ్బి, బయటిది ఇంకా చల్లగా ఉన్నప్పుడు థ్రాటిల్ మెలిపెడితే పట్టేస్తుంది. ఇలా పట్టిన పిస్టన్ చూస్తే గుర్తుపట్టవచ్చు. చుట్టూ నాలుగు చోట్ల, నాలుగు మూలల్లా, నిలువు గీతలు ఉంటాయి. అచ్చుపోసిన పిస్టన్ కంటే ఫోర్జ్ చేసిన పిస్టన్ ఎక్కువ ఉబ్బుతుంది. కనుక ఖరీదైన పిస్టన్ వేయించుకున్నవాళ్లు ఇంకా ఓపిక పట్టాలి. రేడియేటర్ పైపు చేతికి బాగా వెచ్చగా తగిలేదాకా నేను మా మనవణ్ణి సీటు ఎక్కనివ్వను.

4. వాతావరణం మారితే జెట్టు మారాలి.

దీన్ని నమ్మడానికి నాకు చాలా కాలం పట్టింది. విజయవాడలో ఏడాది పొడుగునా ఒక జెట్టుతో నడిచిపోయేది. ఇక్కడ అలా కాదు. ఫీనిక్స్ సముద్రమట్టానికి సుమారు 1,100 అడుగుల ఎత్తు. రెండున్నర గంటలు ఉత్తరంగా వెళితే ఫ్లాగ్‌స్టాఫ్, అది 7,000 అడుగుల దగ్గర. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది. అదే జెట్టుతో పెట్రోలు ఎక్కువైపోయి, ఇంజను నోట్లో నీళ్లు పోసుకున్నట్టు బుడబుడలాడుతుంది, ప్లగ్గు నల్లగా తడుస్తుంది. అది చికాకే గాని ఇంజను పోదు.

పోయేది దీనికి ఎదురు పరిస్థితిలో. సెప్టెంబరు ఎండలో ఇంటి దగ్గర చక్కగా సరిచేసిన బండిని నవంబరు చివర థాంక్స్‌గివింగ్ సెలవులకు కాలిఫోర్నియా సరిహద్దులోని గ్లామిస్ ఇసుక తిన్నెలకు తీసుకెళతాం. అక్కడ ఎత్తు తక్కువ, తెల్లవారుజామున చలి. చల్లగాలి చిక్కన, అందులో ప్రాణవాయువు ఎక్కువ. జెట్టు మాత్రం ఎండాకాలం నాటిదే. పెట్రోలు చాలదు, మంట వేడి పెరుగుతుంది, పిస్టన్ ఎగ్జాస్ట్ వైపు కరిగి గీసుకుపోతుంది. ఆ పొద్దున బండి ఎన్నడూ లేనంత చురుగ్గా లాగుతుంది. కుర్రాళ్లు దానికి మురిసిపోతారు. నాకు అప్పుడే గుండె దడ.

కంపెనీనుంచి వచ్చినప్పుడు రెండు 26 మిల్లీమీటర్ల మికునీ కార్బురేటర్లలో మెయిన్ జెట్టు 200 నంబరు. చలికి ఒక సైజు పెంచి 210 వేసుకుంటే పోయేదేమీ లేదు. ఎయిర్ బాక్స్ మూత తీసేసినా, సైలెన్సర్ పైపులు మార్చినా ఒక సైజుతో సరిపోదు, చాలా పైకి వెళ్లాలి. మూత తీస్తే శబ్దం బాగుంటుందని తీసేసి, జెట్టు ముట్టుకోకుండా నడిపిన బళ్లు మూడు నా చేతికి వచ్చాయి. మూడూ పిస్టన్ పోయినవే.

గాలి స్క్రూ గురించి కూడా. ఈ కార్బురేటర్‌లో దాన్ని లోపలికి తిప్పితే రిచ్, అంటే పెట్రోలు పాలు ఎక్కువ, బయటికి తిప్పితే లీన్. ఫోర్‌స్ట్రోక్ బళ్లలో పెట్రోలు స్క్రూకు అలవాటుపడ్డవాళ్లు తిరగేసి తిప్పుతుంటారు. తిప్పే ముందు ఎన్ని చుట్లు బయట ఉందో లెక్కపెట్టి గోడమీద రాసుకోండి.

5. ప్లగ్గు చదవడం నేర్చుకోండి, కానీ ఇంటికి వచ్చాక చదవకండి.

మెల్లగా ఇంటికి నడిపి, నాలుగు నిమిషాలు నిలబెట్టి తీసిన ప్లగ్గు ఐడ్లింగ్ సంగతి చెబుతుందంతే. కొత్త ప్లగ్గు వేసి, ఖాళీ చోట ఫుల్ థ్రాటిల్‌లో కాసేపు లాగించి, ఆ థ్రాటిల్ మీదే క్లచ్ పట్టి ఇంజను ఆపేయాలి. అప్పుడు తీసి చూస్తే లోపల పింగాణీ అడుగున ఉంగరంలా ఒక రంగు కనిపిస్తుంది. టీ రంగులో ఉంటే హాయి. వెలవెలబోతే జెట్టు పెంచాలి. తెల్లటి పింగాణీ మీద మిరియపు పొడి చల్లినట్టు నల్ల చుక్కలో, మెరిసే చుక్కలో ఉంటే ఇక బండి ఎక్కవద్దు, ఆ మెరిసేవి పిస్టన్‌నుంచి ఎగిరిన అల్యూమినియం. రెండు సిలిండర్ల బండిలో ఇంకో సౌకర్యం ఉంది. రెండు ప్లగ్గులూ పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. రెండూ తెల్లగా ఉంటే జెట్టో, చలో. ఒకటే తెల్లగా ఉంటే ఆ ఒక్క సిలిండరుకే ఎక్కడో గాలి జొరబడుతోంది.

6. గాలి ఎక్కడ జొరబడిందో దొరికేదాకా కొత్త పిస్టన్ డబ్బా తెరవకండి.

ఇది నాకు డబ్బు పోశాక వచ్చిన పాఠం కనుక నిదానంగా చెబుతాను.

మా అబ్బాయి ఈ బండి కొన్న నాలుగు నెలలకే ఎడమ పిస్టన్ పట్టేసింది. అప్పటికి నేను ఇక్కడ కొత్త, పనిముట్లు లేవు. ఒక షాపులో ఇచ్చాం. వాళ్లు రెండు సిలిండర్లూ 64.50కి బోరు కొట్టి, కొత్త పిస్టన్లు వేసి, బిల్లు చేతిలో పెట్టారు. ఎందుకు పోయిందని అడిగితే "పాత బండి కదా" అన్నారు. మూడో ట్రిప్పులో మళ్లీ పోయింది. మళ్లీ ఎడమదే, మళ్లీ ఎగ్జాస్ట్ వైపే. అబ్బాయి విసిగిపోయి "నాన్నా, అమ్మేద్దాం" అన్నాడు. ఒక నెల ఆగమన్నాను.

విప్పుతూ వచ్చాను. కుడి ప్లగ్గు టీ రంగు, ఎడమది సున్నం. ఎడమ కార్బురేటర్ జెట్లు శుభ్రంగా ఉన్నాయి. కార్బురేటర్‌కూ సిలిండరుకూ మధ్య రబ్బరు బూటును వంచి చూశాను, పగులు లేదు. రీడ్ వాల్వు పలకలు వెలుతురుకు పట్టి చూశాను, సరిగ్గానే కూర్చుంటున్నాయి. ఇక మిగిలింది ఎడమవైపు క్రాంకు ఆయిల్ సీలు, మాగ్నెట్ వెనకాలది. టూస్ట్రోక్‌లో క్రాంకు కేసు ఒక పంపు లాంటిది. పిస్టన్ పైకి వెళ్లినప్పుడు పీలుస్తుంది, కిందికి వచ్చినప్పుడు నెడుతుంది. మాగ్నెట్ వైపు ఉన్నది పొడి గది. ఆ సీలు పాడైతే బయటి గాలిని పీలుస్తుంది. పెట్రోలూ నూనే లేని గాలి. కుడివైపు సీలు క్లచ్ వెనక ఉంటుంది, అది పాడైతే గేరు నూనె పీలుస్తుంది. తెల్లపొగ ఆగదు, గేరు బాక్సులో నూనె తగ్గుతూ ఉంటుంది. కుడిది పోతే బండి పొగతో అరిచి చెబుతుంది. ఎడమది పోతే బయటికి ఏమీ కనిపించదు.

పరీక్షకు కావలసింది ఇంజనును మూసి గాలి నింపడం. సుమారు 6 పీఎస్ఐ చాలు. ఎక్కువ కొడితే మంచి సీలు కూడా పాడవుతుంది. నా దగ్గర గేజి లేదు. అలమరలో పాత బీపీ మిషను ఉంది, గుండ్రటి ముల్లు డయలుది. దాని ముల్లు 300 దాకా తిరుగుతుంది. 300 మిల్లీమీటర్లంటే లెక్క కట్టి చూస్తే 5.8 పీఎస్ఐ. ఇంకేం కావాలి? రెండు ఎగ్జాస్ట్ మార్గాలకూ రబ్బరు బిరడాలు, రెండు ఇన్‌టేక్ బూట్లకూ నీళ్ల పైపుల మూతలు పెట్టి క్లిప్పులు బిగించాను. ఒక మూతకు బెజ్జం చేసి బీపీ మిషను గొట్టం దూర్చాను. మనవడికి అప్పుడు ఎనిమిదేళ్లు. బల్బు నొక్కే పని వాడిది, గడియారం చూసే పని నాది. బాగున్న ఇంజనులో ముల్లు ఆరు నిమిషాలు దాదాపు కదలకుండా నిలవాలి. మాది అర నిమిషంలో సగానికి పడిపోయింది. "తాతయ్యా, బండికి బీపీ పడిపోతోంది" అన్నాడు వాడు.

మాగ్నెట్‌ను పుల్లర్ పెట్టి తీశాను. దయచేసి సుత్తితో కొట్టకండి, క్రాంకు వంకర పోతుంది. సబ్బు నీళ్లు బ్రష్షుతో రాసి మళ్లీ గాలి నింపించాను. క్రాంకు ఇరుసు చుట్టూ, సీలు పెదవి దగ్గర, ఆవగింజంత బుడగలు ఒకదాని వెనక ఒకటి లేచాయి. రెండు పిస్టన్లు తిన్న రోగం అక్కడుంది. కేసు పైదీ కిందదీ విడదీసి, రెండు వైపులా కొత్త సీళ్లు వేశాను. తీసిన ఎడమ సీలు పెదవి మీద గోరు గుచ్చితే దిగలేదు, అంత గట్టిపడింది. ఆ బండి మాకు ముందు ఎన్నో ఏళ్లు ఎవరి షెడ్డులోనో కదలకుండా పడి ఉంది. తిరగని బండిలో సీళ్లు ఎండిపోతాయి. పాత బండి కొని తెచ్చుకున్న ప్రతివాళ్లూ, అది నడుస్తున్నా సరే, మొదటి కిక్కుకు ముందే ఈ పరీక్ష చేసుకోవాలని నా ప్రార్థన. అరగంట పని. ఆ సీలు వేసి తొమ్మిదేళ్లయింది, ఎడమ పిస్టన్ మళ్లీ పట్టలేదు.

7. కారణం దొరికాక పిస్టన్ మార్చడం చేతిపని.

సిలిండరు ఎత్తగానే క్రాంకు కేసు నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కండి. సర్క్లిప్పు ఎగిరిందంటే నేరుగా అందులోకే దూకుతుంది. తీసిన సర్క్లిప్పు మళ్లీ వాడకండి. పిస్టన్ తల మీద బాణం గుర్తు ఎగ్జాస్ట్ వైపు ఉండాలి. రింగు చీలిక గాడిలోని చిన్న పిన్ను దగ్గర కూర్చోవాలి, లేకపోతే పోర్టులో తగిలి విరుగుతుంది. రింగును ముందు సిలిండరులో పెట్టి, పిస్టన్‌తోనే తిన్నగా నెట్టి, చీలిక ఎంతుందో ఫీలర్ గేజితో కొలిచి మాన్యువల్‌తో సరిచూసుకోండి.

బోరు కొట్టించినప్పుడు లేతు మిషన్ అతనికి రెండు మాటలు చెప్పాలి. పిస్టన్లు చేతికి ఇచ్చి "వీటికి కొలిచి కొట్టు" అనాలి. పోర్టు అంచుల పదును తీయమనాలి, ఆ పదును రింగును గీకేస్తుంది. ఇంటికి తెచ్చాక సిలిండరును వేడి నీళ్లూ సబ్బుతో కడగండి. తెల్లగుడ్డతో లోపల తుడిస్తే గుడ్డ తెల్లగానే రావాలి. నేను ఏడెనిమిదిసార్లు కడుగుతాను. పెట్రోలుతో తుడిస్తే సానరాయి పొడి సందుల్లోంచి రాదు. కడిగిన వెంటనే నూనె రాయాలి, లేకపోతే చూస్తుండగానే తుప్పు పూస్తుంది. ప్యాకింగులన్నీ కొత్తవి వేసి, హెడ్డు నట్లు ఎదురెదురుగా, దశలవారీగా, టార్క్ రెంచితో బిగించండి. వేడెక్కనిచ్చి పూర్తిగా చల్లార్చడం మూడుసార్లు చేశాకే స్వారీ.

8. జపాను స్క్రూలకు జపాను డ్రైవర్.

కార్బురేటర్ మీదా, కవర్ల మీదా కనిపించే ప్లస్ స్క్రూలు ఇక్కడి హార్డ్‌వేర్ కొట్టులో దొరికే ఫిలిప్స్ డ్రైవర్‌కు సరిగ్గా కూర్చోవు. అవి జపాను కొలతవి. ఫిలిప్స్ పెట్టి తిప్పితే తల అరిగిపోతుంది, ఆ తర్వాత డ్రిల్లు తప్ప దారి లేదు. జపాను కొలత డ్రైవర్లు ఒక సెట్టు, సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్ ఒకటి కొనుక్కోండి.

9. బండి గుడగుడమని పైకి లేవకపోతే చేతి బ్రేకు చూడండి.

బాన్షీలో థ్రాటిల్ ఇరుక్కుపోతే కాపాడటానికి ఒక ఏర్పాటు ఉంది, టోర్స్ అంటారు. కార్బురేటర్ల తలమీద స్విచ్చులు, బొటనవేలి థ్రాటిల్ దగ్గర ఇంకో స్విచ్చు. రెండు చోట్లనుంచీ వచ్చే కబురు పొసగకపోతే స్పార్కు తగ్గించేస్తుంది. పార్కింగ్ బ్రేకు వేసి ఉన్నా అంతే. ఒకసారి రెండు రోజులు కాయిలూ వైర్లూ అన్నీ మీటరు పెట్టి కొలిచాను. తీరా చూస్తే పార్కింగ్ బ్రేకు మీట పూర్తిగా వెనక్కి రాలేదు, స్విచ్చు నొక్కుకునే ఉంది. చాలామంది ఈ ఏర్పాటును మొత్తంగా తీసేస్తారు. థ్రాటిల్ కేబుల్ సరైన వదులులో ఉంచుకుంటే అది తన పని తాను చేస్తుంది. పిల్లలు నడిపే బండిలో దాన్ని తీసేయడం నాకు ఇష్టం లేదు. కేబుల్ సరిచేసేటప్పుడు రెండు కార్బురేటర్ల స్లైడులూ ఒకేసారి లేస్తున్నాయో లేదో గొట్టంలో వేలు పెట్టి చూడండి. ఒకటి ముందు లేస్తే భారమంతా ఆ సిలిండరు మీదే పడుతుంది.

10. గ్యారేజీలో నిప్పు ఎక్కడుందో ముందు చూసుకోండి.

మనవైపు ఇంటి ముందు చెట్టు కింద పని. ఇక్కడ నాలుగు గోడల మధ్య. చాలా ఇళ్లలో గ్యాసుతో నీళ్లు కాచే పెద్ద సిలిండరు గ్యారేజీలోనే ఉంటుంది. దానికింద చిన్న దీపం ఎప్పుడూ వెలుగుతుంటుంది. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, నేలమీద పాకి ఆ దీపం దాకా వెళ్లగలదు. కార్బురేటర్ విప్పే పని నేను షట్టరు పూర్తిగా ఎత్తి, బయట వాకిట్లో చేస్తాను. ఇంజను స్టార్ట్ చేయడం కూడా బయటే. మూసిన గ్యారేజీలో ఆ పొగ మనిషిని చప్పుడు లేకుండా చంపుతుంది.

11. నిలబెట్టే ముందు ఖాళీ చేయండి.

ఇక్కడి బంకు పెట్రోలులో మామూలుగా 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది తేమ పీలుస్తుంది. కార్బురేటర్‌లో నెలల తరబడి వదిలేస్తే పైలట్ జెట్టు, 25 నంబరు, వెంట్రుకంత రంధ్రం, మూసుకుపోతుంది. మూసుకుపోయిన జెట్టంటే మళ్లీ లీనే. నెల పైన ఆగుతుందనుకుంటే పెట్రోలు కట్టేసి బౌలు కింది స్క్రూ విప్పి వదిలేయండి. ఇప్పుడు మన ఊళ్లలోనూ 20 శాతం ఇథనాల్ పెట్రోలు వచ్చింది. ఆరెక్స్ హండ్రెడ్ అపురూపంగా దాచుకున్నవాళ్లు తెలుగు రాష్ట్రాల్లో ఎంతోమంది ఉన్నారు, ఈ మాట వాళ్లకు కూడా.

12. ఇంజను మీద ధ్యాసలో చక్రాలు మరవకండి.

వెనక ఇరుసు మీద జంట నట్లు ఒకదాన్నొకటి పట్టి ఉంచాలి. అవి వదులైతే ఇరుసు మరలు అరిగిపోతాయి. టైర్లలో గాలి 4 పీఎస్ఐ దగ్గర. కారు గేజికి ఆ అంకె అందదు, తక్కువ గాలి కొలిచే గేజి వేరే దొరుకుతుంది. బ్రేకు నూనె రెండేళ్లకోసారి మార్చండి.

13. సీటు మీద ఎవరు కూర్చుంటారో చూసి పని చేయండి.

ఈ బళ్ల చరిత్రలో బాధాకరమైన అధ్యాయం ఒకటుంది. మూడు చక్రాల బళ్లు ఎంతోమంది పిల్లల్ని పొట్టన పెట్టుకున్నాక, 1988లో అమెరికా ప్రభుత్వంతో ఒప్పందం కుదిరి కంపెనీలు వాటిని అమ్మడం మానేశాయి. 90 సీసీ పైబడిన నాలుగు చక్రాల బండి 16 ఏళ్లు నిండనివాళ్లకు వద్దన్నది అప్పుడు వచ్చిన హెచ్చరిక. అరిజోనాలో 18 లోపు పిల్లలకు హెల్మెట్ చట్టం కూడా. మనవడు చిన్నప్పుడు బాన్షీ కోసం ఎంత ఏడ్చినా ఎక్కించలేదు. 12 నుంచి 16 దాకా చిన్న 90 సీసీ బండి మీదే తిరిగాడు. ఆ నాలుగేళ్లూ బాన్షీ దగ్గర వాడి పని విప్పడం, కడగడం, బీపీ బల్బు నొక్కడం. నా చేతులు ఇప్పుడు కొంచెం వణుకుతున్నాయి. సర్క్లిప్పులు వాడే పెడతాడు.

పోయిన నవంబరులో గ్లామిస్ వెళ్లాం. వాడికి పదిహేడు నిండాయి. బండి వెనక, నేలనుంచి 8 అడుగుల ఎత్తుకు వచ్చే కర్రకు జెండా కట్టుకుని తిన్నె ఎక్కాడు, అక్కడ అది నియమం. నేను గుడారం ముందు కుర్చీలో కూర్చుని చూస్తున్నాను. నాలుగో తిన్నె అవతల శబ్దం ఆగిపోయింది. జెండా కదలడం లేదు. నేను లేచి నిలబడ్డాను. పావుగంటకు వాడి స్నేహితుడి బండికి తాడు కట్టి లాక్కొచ్చారు. హెల్మెట్ తీస్తూనే వాడు, "తాతయ్యా, థ్రాటిల్ వదిలినా చప్పుడు వెంటనే దిగలేదు. పైనే వేలాడింది. ఆపేశాను" అన్నాడు. ఆ వేలాడడం గురించి నేను వాడికి ఎప్పుడో ఒకసారి చెప్పాను, గాలి ఎక్కువైతే ఇంజను అలాగే చేస్తుందని.

సీటు ఎత్తి చూశాడు. కుడి రబ్బరు బూటు క్లిప్పు ఇసుక అదుర్లకు వదులైంది. రెండు చుట్లు బిగించి, కార్బురేటర్‌ను పట్టుకుని అటూ ఇటూ ఊపి చూశాడు. తర్వాత కుడి ప్లగ్గు విప్పి, వెలుతురుకు పట్టి, నా చేతికి ఇచ్చాడు. ఇంకా టీ రంగులోనే ఉంది.